ఆడవాళ్ల చేతికి మైకు, కెమెరా అందించిన వాళ్లు: పస్తాపూర్ నుంచి యెమెన్ దాకా

ఊళ్లో బోరు ఎండిపోతే ముందు తెలిసేది బిందె పట్టుకుని వెళ్లిన ఆడమనిషికే. రేషన్ తూకం తగ్గినా, బడిలో టీచరు రాకపోయినా, ఇంట్లో ఒకరికి డయాలసిస్ మొదలైనా మొదట తెలిసేది ఆమెకే. కానీ మర్నాడు పేపర్లో ఆ వార్త రాసేది వేరే మనిషి, అందులో మాట్లాడేది ఇంకో మనిషి. ప్రపంచ దేశాల్లో వార్తలను ఐదేళ్లకోసారి లెక్కగట్టే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్ ప్రకారం, వార్తల్లో కనిపించే, మాట్లాడే మనుషుల్లో ఆడవాళ్లు 1995లో 17 శాతం. 2020 నాటికి అది 25 శాతం అయింది. పాతికేళ్లలో పెరిగింది 8 శాతమే.

ఈ తేడాను తగ్గించాలని ఆడవాళ్లకే రిపోర్టింగ్, కెమెరా, రేడియో పని నేర్పించిన సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటిలో అందరూ చెప్పుకునేది ఒకటి తెలుగు నేలమీదే ఉంది. దాన్ని నడిపించిన వాళ్లెవరు, వాళ్లు చేసిందేమిటి, బయటి దేశాల్లో ఇలాంటి పని చేసిన వాళ్లెవరు, ఇందులో మన ఇళ్లకు పనికొచ్చేదేమిటి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

క్లుప్తంగా

సంస్థ: దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్)
చోటు: పస్తాపూర్, జహీరాబాద్ దగ్గర, సంగారెడ్డి జిల్లా (పాత మెదక్), తెలంగాణ
మొదలు: 1983
మీడియా విభాగం: కమ్యూనిటీ మీడియా ట్రస్ట్, 2001
రేడియో: సంఘం రేడియో, మాచ్‌నూర్, 90.4 ఎఫ్.ఎం., 2008 అక్టోబర్ 15 నుంచి
ముఖ్యులు: పి.వి. సతీష్ (1945-2023), జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, హుమ్నాపూర్ లక్ష్మమ్మ

పస్తాపూర్‌లో ఏం జరిగింది

జహీరాబాద్ కర్ణాటక సరిహద్దు పట్టణం. బజార్లో నిలబడితే తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ చెవిన పడతాయి. చుట్టూ ఊళ్లలో వాన మీద ఆధారపడిన మెట్ట భూములు. 1980లలో అక్కడి దళిత ఆడవాళ్లలో చాలామంది కూలికి పోయేవాళ్లు. పేరుకు ఎకరమో రెండెకరాలో ఉన్నా అది బీడు. డీడీఎస్ అక్కడ ఊరూరా ఆడవాళ్ల సంఘాలు పెట్టించింది. బీడు భూములు బాగుచేసుకోవడం, జొన్న, కొర్ర, సామ, కంది లాంటి పాత పంటలు మళ్లీ వేసుకోవడం, విత్తనం ఇంట్లోనే దాచుకోవడం ఈ సంఘాల పని. క్రమంగా సంఘాలు 75 ఊళ్ల దాకా, సభ్యులు దాదాపు 5,000 మంది దాకా పెరిగారు.

ఇందులో మీడియాకు చోటెక్కడిది అని అడగొచ్చు. విత్తనం ఎలా దాచాలో, ఏ మట్టికి ఏ పంట కలుస్తుందో ఆ ఆడవాళ్లకు తెలుసు. అదంతా వాళ్ల నోట్లోనే ఉంది, కాగితం మీద లేదు. వాళ్లకు చదువు లేదు. అధికారుల మీటింగుల్లోనూ, పేపర్లలోనూ వాళ్ల మాటకు విలువ దొరకలేదు. వాళ్ల తరఫున ఎవరో ఒకరు వచ్చి మాట్లాడి పోయేవాళ్లు. ఆ మధ్యమనిషి అవసరం లేకుండా చేయాలన్నదే పస్తాపూర్ మీడియా ప్రయోగానికి మూలం.

పి.వి. సతీష్

ఈ ప్రయోగం వెనకున్న మనిషి పి.వి. సతీష్. 1945లో మైసూరులో పుట్టారు. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌లో చదివి, దూరదర్శన్‌లో చాలా ఏళ్లు ప్రొడ్యూసర్‌గా చేశారు. 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్లకు టీవీ కార్యక్రమాలు చేర్చిన 'సైట్' ప్రయోగంలోనూ ఆయన పనిచేశారు.

అంటే ఊరి కోసం టీవీ తయారుచేయడం ఆయన వృత్తి. ఆ టీవీలో పట్నం వాళ్లు చెబుతారు, ఊరివాళ్లు వింటారు. పస్తాపూర్ వచ్చాక ఆయన దీన్ని తిరగేశారు. ఊరివాళ్లే చెప్పాలి, అవసరమైతే పట్నం వాళ్లు కూర్చుని వినాలి. మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా ఏర్పాటులోనూ ఆయన ముందున్నారు. చిరుధాన్యాల గురించి దేశం పెద్దగా పట్టించుకోని రోజుల్లోనే వాటికోసం పోరాడారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లోనే, మార్చి 19న హైదరాబాద్‌లో కన్నుమూశారు. అంత్యక్రియలు పస్తాపూర్‌లో జరిగాయి.

అక్షరం రాకపోయినా కెమెరా వచ్చింది

1990ల చివర్లో సంఘాల్లోని కొందరు ఆడవాళ్లకు వీడియో శిక్షణ మొదలైంది. వాళ్లలో ఎక్కువమంది బడి ముఖం చూడని వాళ్లు. కెమెరా మీది ఇంగ్లీషు అక్షరాలు చదవలేరు. బటన్ ఎక్కడుందో చేత్తో తడిమి, గుర్తుల బట్టి, చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు. పగలు పొలం పని, మిగతా వేళ శిక్షణ.

ఈ క్రమంలో వాళ్లు కెమెరా భాషకు తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. సినిమా పాఠాల్లో హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని చెప్తారు. పై నుంచి మనిషిని కిందికి చూపించే షాట్ వాళ్లకు పటేల్ షాట్, ఎందుకంటే ఊరి పటేల్ వాళ్లను చూసింది అలాగే. కింది నుంచి తలెత్తి పైకి చూసేది జీతగాళ్ల చూపు. కంటికి కన్ను సమానంగా ఉండేది సంఘం షాట్. సంఘంలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు, ఎవరి తలా ఎవరికంటే ఎత్తు కాదు. మనిషితో మాట్లాడేటప్పుడు వాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఈ షాటే.

జర్నలిజం కాలేజీలో ఏడాది చదివినా కొందరికి అర్థంకాని సంగతి ఇది. కెమెరాను ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టే ఎదుటి మనిషికి మనమిచ్చే గౌరవం తెలిసిపోతుంది.

2001లో ఈ బృందం కమ్యూనిటీ మీడియా ట్రస్ట్‌గా ఏర్పడింది. విత్తనాలు, భూమి, తిండి, పండుగలు, ఊరి సమస్యలు... వాళ్లు తీసిన సినిమాలన్నీ వీటి మీదే. ఏటా సంక్రాంతికి ఎడ్లబళ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతరను చిత్రీకరించేదీ వీళ్లే.

వరంగల్ పత్తి మీద సినిమా

ఈ బృందానికి దేశంలోనూ బయటా పేరు తెచ్చింది బీటీ పత్తి మీద పని. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. ఆ మొదటి పంట వేసిన వరంగల్ జిల్లా రైతుల దగ్గరికి పస్తాపూర్ ఆడవాళ్లు కెమెరాతో వెళ్లారు. ఒకరోజు వెళ్లి బైట్ తీసుకుని వచ్చేయలేదు. విత్తిన దగ్గర్నుంచి పత్తి తీసేదాకా మళ్లీ మళ్లీ అదే పొలాలకు వెళ్లి, అదే రైతులతో మాట్లాడారు. మొదట్లో ఆశ, మధ్యలో అనుమానం, చివర్లో లెక్కలు, ఇవన్నీ కెమెరాలో పడ్డాయి.

అదే సీజన్ మీద వ్యవసాయ శాఖ మాజీ అధికారి డాక్టర్ అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సఖారి కలిసి రైతుల ఖర్చు, దిగుబడి, ఆదాయం లెక్కగట్టి ఒక అధ్యయనం చేశారు. ఒకవైపు సైంటిస్టుల అంకెలు, ఇంకోవైపు రైతుల మాట, రెండూ కలిశాయి. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగా ఉన్నారన్న సినిమా 2003లో బయటికొచ్చింది. తర్వాత మూడేళ్ల అనుభవం మీద ఇంకో సినిమా తీశారు. 2007 నాటికి ఇదే ప్రశ్న పట్టుకుని దక్షిణాఫ్రికా, మాలి, ఇండోనేషియా తదితర దేశాల రైతుల దగ్గరికీ వెళ్లారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ లాంటి వాళ్ల పేర్లు బయటి ప్రపంచానికి తెలిసింది ఈ సినిమాలతోనే.

బీటీ విత్తనం మంచిదా చెడ్డదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కంపెనీలు, కొందరు శాస్త్రవేత్తలు వీళ్ల నిర్ణయాలతో ఏకీభవించరు. అయినా ఒక సంగతి కాదనలేరు. ఆ వాదనలో అప్పటిదాకా రైతు మాట వినిపించలేదు. దాన్ని తెచ్చి పెట్టింది పొలం పని చేసే ఆడవాళ్లే.

సంఘం రేడియో: పదేళ్ల ఎదురుచూపు

చదువురాని వాళ్లకు పేపర్ కంటే రేడియో దగ్గర. మాచ్‌నూర్‌లో యునెస్కో సాయంతో రేడియో భవనం 1990ల చివరికే సిద్ధమైంది. కానీ లైసెన్స్ లేదు. మన దేశంలో అప్పటికి రేడియో అంటే ప్రభుత్వానిదీ, తర్వాత పెద్ద కంపెనీలదీ. ఊరివాళ్లు సొంతంగా రేడియో పెట్టుకునే దారి లేదు.

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు అది. మ్యాచ్ ప్రసార హక్కుల గొడవలోంచి ఊరి రేడియోకు దారి దొరికింది. అయినా ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకే అనుమతిచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు అవకాశం వచ్చింది 2006 నవంబర్‌లో.

మరి ఈ మధ్యకాలంలో మాచ్‌నూర్ ఆడవాళ్లు ఏం చేశారు? ఖాళీగా కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకుని వెళ్లి సంఘం మీటింగుల్లో వినిపించారు. చివరికి 2008 అక్టోబర్ 15న, గ్రామీణ మహిళల దినోత్సవం నాడు, సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. ప్రారంభించింది జస్టిస్ పి.బి. సావంత్, అంటే 1995 తీర్పు ఇచ్చిన బెంచ్‌లోని జడ్జే. స్వచ్ఛంద సంస్థకు లైసెన్స్ వచ్చి నడిచిన దేశంలోని మొదటి కమ్యూనిటీ రేడియో ఇదే.

ప్రసారం సాయంత్రం 7 నుంచి 9 దాకా. కూలీ నుంచి వచ్చి పొయ్యి వెలిగించుకునే వేళ అది. సాగు, విత్తనాలు, ఆరోగ్యం, పిల్లల సంగతులు, పండుగలు, పాటలు, అన్నీ ఆ ప్రాంతం యాసలోనే. స్టేషన్‌ను నడిపించింది ఇద్దరు నర్సమ్మలు: జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం, కార్యక్రమాల ఎంపిక వాళ్ల చేతుల్లోనే. దళిత ఇళ్లలో పుట్టిన ఆడవాళ్లు రేడియో స్టేషన్ నడపడం ఆ ప్రాంతం అంతకుముందు చూడలేదు.

2019లో డీడీఎస్ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. సతీష్ పోయాక అందరి ముందూ ఉన్న ప్రశ్న ఒకటే: పెట్టిన మనిషి లేకపోతే పని నిలబడుతుందా? ఎక్కడో ఆఫీసులో రాసుకున్న పని అయితే ఆగిపోవచ్చు. కెమెరా పట్టడం, మైకు ముందు మాట్లాడటం మాత్రం ఆ ఆడవాళ్ల చేతికి వచ్చేసిన విద్య.

చిత్తూరు 'నవోదయం', హైదరాబాద్ 'భూమిక'

తెలుగు నేలమీద పస్తాపూర్ ఒక్కటే కాదు. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'నవోదయం' అనే పత్రిక మొదలుపెట్టారు. రిపోర్టర్లు, ఎడిటింగ్ చేసేవాళ్లు అందరూ ఊరి ఆడవాళ్లే. బాల్య వివాహాలు, సారా, బ్యాంకు అప్పులు, సంఘాల లెక్కలు అందులోని వార్తలు.

హైదరాబాద్ నుంచి కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో 1993లో మొదలైన 'భూమిక' ఆడవాళ్ల సమస్యల మీద రాసే పత్రికగా నిలబడింది. 2006 నుంచి హెల్ప్‌లైన్ కూడా నడిపింది. అంటే కష్టం గురించి రాయడంతో ఆగకుండా, ఫోన్ ఎత్తి ఆ కష్టంలో ఉన్న మనిషితో మాట్లాడింది.

మన ఇళ్లలో ఈ చరిత్ర పాతదే

పేపరు, పత్రిక ఆడవాళ్లకు, అందులోనూ ముస్లిం ఆడవాళ్లకు కొత్త అనుకునేవాళ్లు కొన్ని పేర్లు గుర్తుపెట్టుకోవాలి.

1898లో లాహోర్ నుంచి 'తెహజీబె నిస్వాన్' అనే ఉర్దూ వారపత్రిక వచ్చింది. భర్త సయ్యద్ ముంతాజ్ అలీతో కలిసి దాన్ని తెచ్చిన ముహమ్మదీ బేగం, ఉర్దూ పత్రికకు సంపాదకురాలైన తొలి ముస్లిం మహిళగా పేరుపొందారు. ఆమె చనిపోయింది 1908లో. ఆ చిన్న వయసులోనే ఎన్నో ఇళ్లలో ఆడపిల్లలకు చదివే అలవాటు చేసి వెళ్లారు.

మన హైదరాబాద్‌లో సుఘ్రా హుమాయున్ మీర్జా (1884-1958). 'హయా' అన్న కలంపేరుతో కవిత్వం, నవలలు రాశారు. 'అన్నిసా' పత్రికను నడిపారు. 1934లో ఆడపిల్లల కోసం సఫ్దరియా స్కూలు పెట్టారు. పర్దా గట్టిగా ఉన్న రోజుల్లో సభల్లో నిలబడి మాట్లాడారు.

తెలుగులోనూ అదే కాలం. 1902లో వచ్చిన 'హిందూసుందరి' పత్రికను ఆడవాళ్లే సంపాదకులుగా నడిపారు. కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ 'సావిత్రి' పత్రిక తెచ్చారు. ఉర్దూలోనైనా తెలుగులోనైనా వీళ్లందరికీ ఇంట్లోంచి, వీధిలోంచి ఒకే ప్రశ్న ఎదురైంది: ఆడదానికి పత్రికెందుకు? జవాబుగా వాళ్లు పత్రికే అచ్చేసి చూపించారు.

ప్రపంచంలో ఈ పని చేసినవాళ్లు

*విమెన్స్ ఫీచర్ సర్వీస్.* 1978లో యునెస్కో చొరవతో మొదలైంది. వేరువేరు దేశాల ఆడ జర్నలిస్టులు రాసిన కథనాలను పత్రికలకు అందించడం దీని పని. 1991లో కేంద్రం ఢిల్లీకి మారింది. అనితా ఆనంద్ నాయకత్వంలో చాలా ఏళ్లు నడిచింది. దక్షిణాది దేశాల నుంచి నడిచిన ఈ రకం సంస్థల్లో ఇది ముందుతరానిది.

*ఇంటర్నేషనల్ విమెన్స్ మీడియా ఫౌండేషన్.* 1990లో అమెరికాలో పెట్టారు. ప్రమాదకరమైన చోట్ల పనిచేసే ఆడ జర్నలిస్టులకు శిక్షణ, సాయం, అవార్డులు ఇస్తుంది. 2020లో కశ్మీర్ ఫొటో జర్నలిస్ట్ మస్రత్ జహ్రాకు ఈ సంస్థ ఇచ్చే ఆన్యా నీడ్రింగ్‌హాస్ అవార్డు వచ్చింది. అదే ఏడాది ఆమె సోషల్ మీడియాలో పెట్టిన ఫొటోల మీద పోలీసులు ఉపా కింద కేసు పెట్టారు. ఈ వృత్తిలో మెచ్చుకోలు, ముప్పు రెండూ ఒకే ఏడాది రావచ్చు.

*గ్లోబల్ ప్రెస్.* 2006లో క్రిస్టి హెగ్రేన్స్ అనే అమెరికా జర్నలిస్టు పెట్టారు. ఆమె అంతకుముందు నేపాల్‌లో రిపోర్టర్. అక్కడ తెలుసుకున్నది ఒకటే: బయటి నుంచి వచ్చిన విలేకరికి ఊరి భాష రాదు, ఊరి మనుషులు తెలియరు. అదే ఊరి ఆడమనిషికి ఆ రెండూ పుట్టుకతో ఉన్నాయి, లేనిది వృత్తి శిక్షణ. అందుకని స్థానిక ఆడవాళ్లకు శిక్షణ ఇవ్వడం, శిక్షణ అయ్యాక ఉద్యోగం కూడా తామే ఇవ్వడం ఈ సంస్థ పద్ధతి. శరీర భద్రతతో పాటు మానసిక, డిజిటల్, చట్టపరమైన భద్రత కూడా రిపోర్టర్‌కు సంస్థ చూడాలని నియమం పెట్టుకుంది. 'మూడో ప్రపంచం' లాంటి, జనాన్ని తక్కువ చేసే మాటలు వార్తల్లో వాడకూడదని సొంత భాషా నియమావళి కూడా రాసుకుంది.

*విమెన్ జర్నలిస్ట్స్ వితౌట్ చైన్స్.* యెమెన్‌లో తవక్కుల్ కర్మాన్ మరికొందరితో కలిసి 2005లో పెట్టిన సంస్థ. 1979లో పుట్టిన ఆమె అప్పటికి పాతికేళ్లు దాటిన జర్నలిస్టు, పిల్లల తల్లి. పెట్టిన మొదటి పేరుకు ప్రభుత్వం ఒప్పుకోకపోతే పేరు మార్చుకుని పని కొనసాగించారు. పత్రికా స్వేచ్ఛ కోసం 2007 నుంచి సనాలో వారం వారం నిరసనలు చేశారు. 2011లో నోబెల్ శాంతి బహుమతి పంచుకున్న ముగ్గురు ఆడవాళ్లలో ఆమె ఒకరు. ఆ బహుమతి అందుకున్న తొలి అరబ్ మహిళ. తలమీద హిజాబ్‌తో, చేతిలో మైకుతో ఉన్న ఆమె ఫొటో అప్పట్లో ప్రపంచమంతా తిరిగింది.

*రుఖ్సానా మీడియా.* అఫ్ఘానిస్తాన్ జర్నలిస్టు జహ్రా జోయా 2020లో పెట్టారు. తాలిబాన్లు 2021 ఆగస్టులో మళ్లీ వచ్చాక ఆమె దేశం వదలాల్సి వచ్చింది. లండన్ నుంచే పత్రిక నడుపుతూ, లోపల ఉన్న అఫ్ఘాన్ ఆడవాళ్ల కథనాలు అందిస్తున్నారు.

*ఖబర్ లహరియా.* ఇది మన దేశానిదే. 2002లో ఉత్తరప్రదేశ్ చిత్రకూట్‌లో ఢిల్లీ సంస్థ 'నిరంతర్' సాయంతో బుందేలీ పత్రికగా మొదలైంది. దళిత, ఆదివాసీ, ముస్లిం, వెనకబడిన కులాల ఆడవాళ్లే రిపోర్టర్లు. మీరా జాటవ్, కవితా దేవి లాంటివాళ్లు ముందుండి నడిపించారు. 2009లో యునెస్కో కింగ్ సెజోంగ్ అక్షరాస్యత బహుమతి వచ్చింది. వీళ్ల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది. అయితే ఆ సినిమా తమ పనిలో ఒక భాగాన్నే చూపించిందని, తమ కథ అంతకంటే పెద్దదని ఖబర్ లహరియా అప్పుడే ప్రకటన ఇచ్చింది. ఆస్కార్ ముంగిట నిలబడి కూడా మా కథ మేమే సరిగ్గా చెప్పుకుంటాం అనగలగడం వాళ్ల వృత్తి ధర్మం.

డబ్బు సంగతి

లాభం కోసం నడవని సంస్థలన్నింటికీ వచ్చే చిక్కు ఒకటే. విరాళం, గ్రాంటు ఉన్నన్నాళ్లు పని, అవి ఆగితే ఆపని. కమ్యూనిటీ రేడియోకు ప్రకటనలు తీసుకునే వీలున్నా పరిమితి ఉంది. గంటకు 7 నిమిషాలుగా ఉన్న ఆ పరిమితిని 2024 ఫిబ్రవరిలో 12 నిమిషాలకు పెంచారు. ప్రభుత్వ ప్రకటన రేటు 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74కి పెరిగింది. 2012లో ఏటా కట్టే స్పెక్ట్రమ్ ఫీజును 19,700 నుంచి ఒక్కసారిగా 91,000 చేస్తే దేశంలోని చిన్న రేడియోలు గట్టిగా ఎదురుతిరిగాయి. చివరికి పెంపు వెనక్కి తీసుకున్నారు. నెలకు ఏడువేల ఐదువందలు పెద్ద కంపెనీకి లెక్కే కాదు, ఊరి రేడియోకు మాత్రం ఒక మనిషి జీతం.

2024 నియమాల్లో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. కమ్యూనిటీ రేడియో సలహా, కంటెంట్ కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మాచ్‌నూర్‌లో 2008లోనే జరిగింది దేశానికి నియమం కావడానికి పదహారేళ్లు పట్టింది.

నౌపడ, ఉద్దానం వైపు చూస్తే

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ అంటే ఉప్పు మడులు, గుణుపూర్ లైన్ విడిపోయే రైల్వే జంక్షన్. పైన పలాసలో జీడిపప్పు. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసి గ్రేడింగ్ చేసేది ఎక్కువగా ఆడవాళ్ల చేతులే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను గుల్ల చేసింది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి.

ఈ ప్రాంతం రాష్ట్ర వార్తల్లోకి ఎప్పుడు వచ్చింది? 2010 జూలై 14న సోంపేటలో థర్మల్ ప్లాంట్‌కు వ్యతిరేకంగా జరిగిన ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయినప్పుడు. 2011 ఫిబ్రవరి 28న నౌపడ పక్కనే కాకరాపల్లి గొడవలో అదే జరిగినప్పుడు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను పడగొట్టినప్పుడు. ప్రాణం పోతేనో, చెట్టు కూలితేనో కెమెరా వస్తుంది. బీల భూముల కోసం ఆడవాళ్లు నెలల తరబడి దీక్షల్లో కూర్చున్న రోజులకూ, తుపాను తర్వాత కొత్త జీడిమొక్క కాపుకొచ్చేదాకా గడిచే ఏళ్లకూ అంత చోటు దొరకదు.

పస్తాపూర్ పాఠం ఇక్కడ పనికొస్తుంది. వారంలో మూడు రోజులు భర్తను డయాలసిస్‌కు తీసుకెళ్లే భార్యకు ఆసుపత్రి బస్సు టైము, మందుల కొరత, చార్జీల లెక్క ఏ విలేకరి కంటే బాగా తెలుసు. ఉప్పు మడిలో దిగిన మనిషికి కాలి పగుళ్ల సంగతి తెలుసు. కమ్యూనిటీ రేడియో సొంతంగా రాజకీయ వార్తలు చెప్పడానికి అనుమతి లేదు, ఆకాశవాణి వార్తలే వినిపించాలి. కానీ వాతావరణం, తుపాను హెచ్చరిక, నీటి సరఫరా, కరెంటు, ఆరోగ్యం, పరీక్షలు, ఉద్యోగాల సమాచారం అన్నీ చెప్పొచ్చు. తీర ప్రాంతానికి కావాల్సింది ముందు ఇవే.

మన ఆడపిల్ల ఈ పనిలోకి రావాలంటే

ఇంట్లో బేటీ జర్నలిజం అంటే అమ్మీ అబ్బాలకు మూడు భయాలు: రాత్రిళ్లు బయట తిరగాలి, నలుగురూ ఏమంటారు, జీతం వస్తుందా. మూడూ ఉత్తుత్తి భయాలు కావు. అందుకే అడగాల్సిన ప్రశ్నలు కూడా అసలైనవే అయ్యుండాలి.

శిక్షణ ఇచ్చే సంస్థ ఏదైనా సరే, శిక్షణ అయ్యాక పని ఇస్తుందా లేదా అన్నది ముందు అడగాలి. రాసిన ప్రతి కథనానికి డబ్బు ఎప్పుడు, ఎంత ఇస్తారో కాగితం మీద ఉండాలి. ఫీల్డ్‌కు వెళ్తే ప్రయాణం ఖర్చు, తోడు, బీమా ఎవరిది? ఆన్‌లైన్లో వేధిస్తే, కేసు పెడితే సంస్థ వెంట నిలబడుతుందా? వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉందా? పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట అది ఉండాలని 2013 చట్టమే చెబుతోంది. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబివ్వని చోట సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా ఉపయోగం లేదు.

సొంతంగా ఊళ్లో రేడియో పెట్టాలనుకుంటే వ్యక్తికి, రాజకీయ పార్టీకి లైసెన్స్ రాదు. కనీసం మూడేళ్లుగా రిజిస్టరై స్థానికంగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ గానీ, విద్యాసంస్థ గానీ దరఖాస్తు చేయాలి. కార్యక్రమాల్లో సగమైనా ఆ ప్రాంతంలోనే తయారు కావాలి. ఊళ్లో ఇప్పటికే రిజిస్టరై ఉన్న సొసైటీ, మహిళా సంఘాల సమాఖ్య, కాలేజీ ఈ దారిలో ఆలోచించవచ్చు.

ఉర్దూ, తెలుగు రెండూ ఇంట్లోనే వచ్చిన ఆడపిల్లకు ఈ వృత్తిలో ఒక మేలు ఉంది. రెండు రకాల ఇళ్లలో కూర్చుని, రెండు భాషల్లో మాట రాబట్టగలదు. మగ విలేకరి గడప దగ్గరే ఆగిపోయే ఇంట్లోకి ఆమె వంటింటి దాకా వెళ్లగలదు. అక్కడ వినిపించే మాటను ఇప్పటిదాకా వార్తగా లెక్కపెట్టలేదు. మాచ్‌నూర్‌లో ఇద్దరు నర్సమ్మలు రోజూ సాయంత్రం ఏడింటికి మైకు ముందుకు తెచ్చింది ఆ మాటనే.